బైరాగిని చదవడం ఎట్లా నేర్చుకొన్నాం

ఆలూరి బైరాగి పేరెత్తగానే మనవాళ్ళ నోట రెండు మాటలు వస్తాయి. ఒకటి "నిరాశావాది". రెండవది "అర్థం కాడు". ఈ రెండు మాటలకూ పొత్తు కుదరదని మనం అంతగా గమనించలేదు. అర్థమే కాని కవి నిరాశావాది అని మనకెట్లా తెలిసింది? అర్థమయిందనే అనుకొందాం. అప్పుడు ఆ నిరాశ దేనిని గురించినది, ఎందువల్ల పుట్టింది, అందులో నిజమెంత అనే ప్రశ్నలకు సమాధానం చెప్పవలసిన బాధ్యత మనమీద పడుతుంది. ఆ బాధ్యత తప్పించుకోవడానికి మనం ఒక బిరుదు తగిలించి అతనిని పక్కకు జరిపాం. ఇది విమర్శ కాదు. దస్త్రం మీద ముద్ర వేసి అలమారలో పెట్టే గుమాస్తా పని.

ఇతరులను తప్పుపట్టే ముందు నా తప్పు చెప్పుకోవడం న్యాయం. తెలుగు ఎం.ఎ. చదివే రోజులలో ఆధునిక కవిత్వం పేపరు కోసం నేను తయారుచేసుకొన్న నోట్సులో బైరాగికి నాలుగు పంక్తులు దక్కాయి. పుట్టింది 1925లో, తెనాలి, హిందీ ఉపాధ్యాయుడు, ముఖ్య రచన 'నూతిలో గొంతుకలు', 1955, వేదన, సంశయం, నిరాశ అతని కవితా లక్షణాలు. ఆ నాలుగు పంక్తులకు పరీక్షలో మార్కులు పడ్డాయి. తరువాత అమీర్‌పేటలో ఒక డిగ్రీ కళాశాలలో ఉద్యోగం దొరికింది. ఎనిమిదేళ్ళపాటు ఆ నాలుగు పంక్తులనే నేను క్లాసులో చెప్పాను, పిల్లలు వ్రాసుకొన్నారు, వారికీ మార్కులు పడ్డాయి. ఈ వ్యాపారంలో ఒక్క బైరాగి తప్ప ఎవరూ నష్టపోలేదు.

రెండేళ్ళ క్రిందట ఒక విద్యార్థి లేచి, "ఆ పుస్తకం మీ దగ్గర ఉన్నదా సార్?" అని అడిగాడు. లేదన్నాను. "మీరు చదివిండ్రా సార్?" అన్నాడు. వెటకారం కాదు; నిజంగానే తెలుసుకోగోరి అడిగాడు. విమర్శ గ్రంథాలలో ఉదాహరించిన ముక్కలు చదివాను గాని, పుస్తకం మొదటినుంచి చివరిదాకా నేను చదవలేదు. ఆ మాట క్లాసులో చెప్పే ధైర్యం నాకు ఆ రోజు లేకపోయింది. "చూస్తాను కూర్చో" అన్నాను. ఆ సాయంత్రం అమీర్‌పేట నుంచి పంజగుట్టలోని మా ఇంటికి మెట్రో వంతెన క్రింద నడిచిపోతూ, చదవని కవికి ఎనిమిదేళ్ళు తీర్పు చెప్పిన నా ఉద్యోగాన్ని గురించి ఆలోచించుకొన్నాను.

పుస్తకం సంపాదించాను. అడిగిన కుర్రవాడూ, మరి నలుగురూ కలిశారు. మొదట శనివారం సాయంత్రాలు వాళ్ళ హాస్టలు గదిలోనే కూర్చున్నాం. అమీర్‌పేట హాస్టళ్ళు ఎరగనివారికి ఒక మాట చెప్పాలి. 1990ల నుంచి ఈ పేట కంప్యూటరు కోర్సుల బజారుగా మారింది. మైత్రీవనం చుట్టుపక్కల గోడకు గోడ కనబడదు; అంతా బోర్డులే. జిల్లాలనుంచి వచ్చిన పిల్లలు నాలుగు మంచాలు పట్టే గదులలో ఉండి, పొద్దున ఒక కోర్సూ సాయంత్రం ఒక కోర్సూ నేర్చుకొంటూ, ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ ఉంటారు. మా అయిదుగురిలో ముగ్గురు అట్లాంటివారే. డిగ్రీ ఒకవైపు, కోర్సు ఇంకొకవైపు. ఆ గదిలో పక్క మంచంమీదివారి ఫోన్ల మోతకు కవిత్వం వినబడకపోవడంతో మూడవ వారం నుంచి పంజగుట్టలో మా ఇంటికి మకాం మార్చాం.

మొదటి చిక్కు పేరు దగ్గరే వచ్చింది. "నూతిలో అంటే?" అన్నాడు నల్లగొండ జిల్లా కుర్రవాడు. నుయ్యి అని చెప్పాను. "బాయేనా సార్?" అన్నాడు. బాయే. తెనాలివాడికి నుయ్యి, నల్లగొండవాడికి బాయి. నేను ఎనిమిదేళ్ళు చెప్పిన పేరుకు అర్థం నా క్లాసులో సగం మందికి తెలియదని నాకు అప్పుడు తెలిసింది! ఆ తరువాత మాట సాగింది. బావిలోకి అరిస్తే గొంతు గోడలకు తగిలి మనకే తిరిగి వస్తుంది, అసలుకన్నా పెద్దదై వస్తుంది అన్నారొకరు. లోపల పడ్డవాడికి ఆకాశం రూపాయి బిళ్ళంత కనబడుతుంది అన్నారింకొకరు. అమీర్‌పేట పక్కనే ఉన్న బల్కంపేటలో ఎల్లమ్మ నేలమట్టానికి దిగువన బావిలోనే ఉంటుంది గదా, బాయిలోంచి వచ్చే గొంతుకు మనవాళ్ళు భయపడరు, మొక్కుతారు అని ఒక అమ్మాయి అన్నది. ఈ మాటలేవీ విమర్శ గ్రంథాలలోవి కావు. కాని నా నోట్సులోని నాలుగు పంక్తులకన్నా ఇవి పుస్తకానికి దగ్గరగా ఉన్నాయి.

రెండవ చిక్కు మాటలది. బైరాగి భాషలో సంస్కృతపు బరువు ఉన్న మాట నిజమే. అయితే అది నిఘంటువుతో తీరే చిక్కు. రెండు వారాలలో తీరింది. ఇక్కడ మనం ఒక సంగతి ఆలోచించాలి. 'మహాప్రస్థానం'లో సంస్కృత సమాసాలు తక్కువా? కావు. అయినా శ్రీశ్రీ కఠినుడని మన విద్యార్థులెవరూ అనరు. కారణమేమంటే ఆ గేయాల నడక మనలను మోసుకొనిపోతుంది. పోవలసిన చోటు మనకు ముందే తెలుసు. ఒక్కొక్క మాటకు అర్థం తెలియకపోయినా ఊరేగింపు ఆగదు. బైరాగి మనలను మోసుకొనిపోడు. నిలబెట్టి మాట్లాడుతాడు. ఒకే ప్రశ్న రూపం మార్చుకొని మళ్ళీ మళ్ళీ వస్తుంది. ఎటు పోవాలో చెప్పమని మనం అడుగుతాం, అతడు చెప్పడు. కాబట్టి అర్థం కానిది భాష కాదు. జవాబు ముందుగా చేతికందని కవిత్వాన్ని చదివే అలవాటు మనకు లేదు. లోపం మనదిగా ఉండగా దానికి అతని కాఠిన్యమని పేరు పెట్టాం.

మూడవ చిక్కు అన్నిటికన్నా ముఖ్యమైనది: మాట్లాడేది ఎవరు? 'నూతిలో గొంతుకలు'లో ముఖ్యంగా వినబడే గొంతుకలు మూడు: హామ్లెట్టు, అర్జునుడు, రాస్కల్నికోవ్. ఒకడు షేక్‌స్పియరు నాటకంలోని రాజకుమారుడు. ఒకడు మన భారతంలోని వీరుడు. ఒకడు 1866లో వెలువడిన దోస్తొయేవ్‌స్కీ నవలలోని హంతకుడు. ఈ ముగ్గురి మాటలనూ మనం బైరాగి సొంత అభిప్రాయాలుగా చదివి, అతనిని నిరాశావాది అన్నాం. గిరీశం లెక్చర్లను గురజాడ అభిప్రాయాలని ఎవరైనా అంటే మనం నవ్వుతాం. నాటకంలో చేయని తప్పును కవిత్వంలో ఎందుకు చేస్తున్నాం? కవిత్వమంటే కవి హృదయం పొంగి పొర్లడమేనన్న భావకవిత్వపు సంస్కారం ఇంకా మనలను వదలలేదు. భావకవిత్వాన్ని వందసార్లు ఖండించిన మనం చదివే పద్ధతిలో మాత్రం ఇంకా భావకవులమే.

ఈ ముగ్గురూ ఎవరో తెలుసుకొందామని మూల కథలు చెప్పుకొన్నాం. అప్పుడు మా కుర్రవాడొకడు, "ముగ్గురూ స్టూడెంట్లే కదా సార్" అన్నాడు. నాకెన్నడూ తోచని మాట. హామ్లెట్టు విటెన్‌బర్గు విశ్వవిద్యాలయంలో చదువుతూ తండ్రి చావు విని ఇంటికి వచ్చినవాడు. రాస్కల్నికోవ్ బీదతనం వల్ల న్యాయశాస్త్రం చదువు మానుకొని, పీటర్స్‌బర్గులో ఒక మేడ పైకప్పు క్రింది ఇరుకు గదిలో అద్దె బాకీతో పడి ఉన్నవాడు. అర్జునుడు ద్రోణుని శిష్యుడు. విద్య నేర్పిన గురువే ఎదుటి సేనలో నిలబడి ఉండగా విల్లు జారవిడిచినవాడు. అమీర్‌పేట గదిలో కూర్చున్న పిల్లలకు ఇంతకన్నా ఎక్కువ పరిచయం అక్కరలేదు. "ఈ రష్యా ఆయన మా హాస్టల్లనే ఉంటడు" అన్నాడు నల్లగొండ కుర్రవాడు. అందరం నవ్వాం. తరువాత కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు.

ముగ్గురిదీ ఒకే వ్యథ అనుకొంటే పొరపాటు. ముగ్గురి ఎదుటా ఉన్నది ఒకే విషయం: చంపడం. అయితే దాని ఎదుట వారు నిలబడిన చోట్లు వేరు. అన్యాయం జరిగిందని హామ్లెట్టుకు తెలుసు, చేయవలసినది తెలుసు, చేయలేక తర్కించుకొంటున్నాడు. అర్జునుడు కార్యం అంచున నిలబడ్డాడు. శంఖాలు మోగిన తరువాత అతనికి సందేహం వచ్చింది. రాస్కల్నికోవ్ పని చేసేశాడు. చేసిన తరువాత బ్రతకవలసి ఉంది. కార్యానికి ముందు ఒకడు, కార్యం అంచున ఒకడు, కార్యం తరువాత ఒకడు. ఇట్లా వరుసగా చూసినప్పుడు ఇది ఏకాకి రోదన అనిపించలేదు నాకు. కార్యాన్ని గురించిన విచారణ అనిపించింది. బైరాగి గీతలోని పదునెనిమిది అధ్యాయాలలో మొదటిదాని పేరును, 'అర్జున విషాదయోగం' అనే పేరును, ఎన్నుకొన్నాడు. సందేహం తీరి లేచి నిలబడిన అర్జునుని గురించి వ్రాసినవారు వేలమంది ఉన్నారు. సందేహం అనే స్థితిని గౌరవించి, అక్కడ కొంతసేపు ఆగినవారు తక్కువ.

ఇప్పుడు 1955 అనే సంవత్సరాన్ని గుర్తుచేసుకొందాం. తెలంగాణ సాయుధ పోరాటాన్ని 1951 అక్టోబరులో విరమించారు. 1955 ఫిబ్రవరిలో ఆంధ్ర రాష్ట్రంలో జరిగిన ఎన్నికలలో 196 స్థానాలకు గాను కమ్యూనిస్టు పార్టీకి 15 మాత్రమే దక్కాయి. ఆయుధం పట్టడం, దింపడం, ఓటు అడగడం, ఓడిపోవడం, ఇవన్నీ నాలుగైదేళ్ళలో జరిగిపోయాయి. ఆ ఓటమివల్లనే ఈ పుస్తకం పుట్టిందని నేను అనను. అట్లాంటి కార్యకారణ సంబంధాలు కట్టడం మన విమర్శలో మరొక జబ్బు. నేననేది ఇంతే: ఏం చేయాలి, చేయడానికి మనకు హక్కేమిటి, చేసిన తరువాత ఏమవుతుంది అనే ప్రశ్నలు ఆనాడు ఒక్క బైరాగివి కావు. తెనాలిలోనే 1943లో మన అభ్యుదయ రచయితల సంఘం మొదటి మహాసభ జరిగింది. ఆ తెనాలివాడే మన ప్రశ్నలను మన పరిభాష కాని పరిభాషలో అడిగాడు. పరిభాష వేరైనందువల్ల మనం ప్రశ్నను గుర్తుపట్టలేదు. హిందీలో అతని కవితా సంపుటి ఒకదాని పేరు 'పలాయన్'. ఆ పేరు చూసి పలాయనవాది అని తేల్చడం మహా సులభం. కాని పారిపోదలచుకొన్నవాడు దాని పేరు అట్టమీద అచ్చువేసుకొంటాడా?

మా చర్చలో విద్యార్థి సంఘంలో పనిచేసే కుర్రవాడొకడు ఈ ధోరణిని గట్టిగా ఎదిరించాడు. "ఇదంతా మధ్యతరగతి గొణుగుడు సార్. ముగ్గురూ తమ మనసు తాము తవ్వుకొంటరు. ఒక్కడన్నా నలుగురి దగ్గరికి పోయి అడుగుతడా? సంఘం పెట్టుకొనేటోనికి ఈ బాధ ఉండదు." ఈ విమర్శను నేను తేలికగా తీసివేయలేదు, తీసివేయకూడదు కూడా. అభ్యుదయ విమర్శ అడగవలసిన ప్రశ్నే అది. ఈ నూతిలో గొంతుకలు ఉన్నాయి గాని ఒక గొంతుక మరొకదాని మాట వినదు. కార్యం అనేది ఇక్కడ ఎప్పుడూ ఒక్కడి చేతిలో, ఒక్కడి నెత్తిమీద ఉంటుంది. పదిమంది కలిసి నిర్ణయించి, కలిసి చేసి, కలిసి తప్పు దిద్దుకొనే కార్యం కూడా లోకంలో ఉందని ఈ ముగ్గురికీ తెలియదు. ఇది బైరాగి ప్రపంచానికి ఉన్న హద్దు. బల్కంపేట ఎల్లమ్మ మాట చెప్పిన అమ్మాయి ఇంకొక హద్దు చూపించింది. "ముగ్గురూ మగోళ్ళే ఎందుకు సార్? ఓఫీలియా ఉన్నది, ద్రౌపది ఉన్నది, సోన్యా ఉన్నది. వాళ్ళను అడిగితే వేరే కథ చెప్పేటోళ్ళు." రాస్కల్నికోవ్ నోరు విప్పి నిజం చెప్పుకొన్నది సోన్యా దగ్గరనే అని తలచుకొంటే, ఈ రెండు విమర్శలూ ఒకటేనని తెలుస్తుంది.

అయితే హద్దు చూపించడం వేరు, హద్దు ఉంది గనుక చదవనక్కరలేదనడం వేరు. లెనిన్ 1908లో తోల్‌స్తోయ్‌ని గురించి వ్రాసినప్పుడు అతని మతబోధను ఒప్పుకోలేదు. ఆ వైరుధ్యాలలోనే రష్యా రైతాంగపు వైరుధ్యాలు ప్రతిఫలించాయని చూపించాడు. ఎంగెల్స్ 1888 నాటి ఒక లేఖలో, రాజరికం పక్షాన ఉన్న బాల్జాక్ నుంచి తాను ఎంతో నేర్చుకొన్నానని వ్రాశాడు. ఈ రెండు ఉదాహరణలూ మనం ప్రతి సభలోనూ చెబుతాం. తెలుగు కవి దగ్గరకు వచ్చేసరికి మరచిపోతాం. తోల్‌స్తోయ్‌కి ఇచ్చిన ఓపిక ఆలూరి బైరాగికి ఇవ్వకపోవడానికి కారణమేమిటి? దూరంనుంచి వచ్చిన పుస్తకాన్ని చదువుతాం. పక్క ఊరివాని పుస్తకాన్ని గురించి వింటాం, అంతే.

సంఘం కుర్రవానికి నేను చెప్పిన సమాధానం రాస్కల్నికోవ్ కథలోనే ఉంది. అతడు ఒట్టి దొంగ కాదు. అతని దగ్గర ఒక లెక్క ఉంది. తాకట్టు వ్యాపారం చేసే ముసలిది పదిమందిని పీల్చుకొని తింటున్నది. ఆ ఒక్కతె పోతే, ఆ డబ్బుతో వందమంది బాగుపడవచ్చు. ఒక ప్రాణం ఒకవైపు, వంద ప్రాణాలు ఇంకొకవైపు. ఈ లెక్క మనకు కొత్తది కాదు. ఉద్యమాలలో ఉన్నవారు ఎప్పుడో ఒకప్పుడు వేసుకొనే లెక్కే. కాని నవలలో ఏం జరిగింది? ముసలిదానిని చంపిన గదిలోకి దాని చెల్లెలు లిజవేత వస్తుంది. ఎవరికీ అపకారం చేయని మనిషి. అతడు ఆమెనూ చంపుతాడు. లెక్క కట్టింది ఒక హత్యకు, జరిగినవి రెండు. లెక్కలో లేని లిజవేత ప్రతిచోటా తలుపు తీసుకొని లోపలికి వస్తుంది. ఆమెను గురించి ఆలోచించనివాడు విప్లవకారుడు కాడు, లెక్కల మాస్టరు. ఈ మాట అన్నందుకు మా కుర్రవాడు వెంటనే ఒప్పుకోలేదు. "అట్లని లెక్క వెయ్యకుండ కూసుంటే ముసల్ది పీల్చుకుంటనే ఉంటది కద సార్?" అన్నాడు. అదీ నిజమే. మా ఇద్దరి మాటలూ నిజమయ్యే చోటనే బైరాగి గొంతుకలు మాట్లాడుతున్నాయి. ఒక పక్షం నిజాన్ని తుడిచివేస్తే ఆ కవిత్వం మిగలదు.

ఇంత చదివిన తరువాత కూడా బైరాగి నాకు ఆశావాదిగా కనబడలేదు. అతనిని మన జెండా క్రిందికి లాగవలసిన పని లేదు. మొదటి సంపుటి 'చీకటి నీడలు' మన బాటకు దగ్గరగా ఉందనీ, తరువాత దూరమయ్యాడనీ లెక్కలు కట్టడం వల్ల లాభం కూడా లేదు. 1978లో ఈ హైదరాబాదులోనే అతడు కన్నుమూశాడు. 'ఆగమగీతి' చనిపోయిన తరువాత అచ్చయి, 1984లో సాహిత్య అకాడమీ బహుమతి పొందింది. బహుమతి వచ్చింది గాని చదివేవారు పెరిగినట్లు మా కళాశాలలో దాఖలా లేదు. బహుమతి చేయలేని ఆ పని చేయవలసినవాళ్ళు ఉపాధ్యాయులు, అంటే మనం.

మేము నేర్చుకొన్నది నాలుగు మాటలలో చెబుతాను. బైరాగిని పైకి చదవాలి. కళ్ళతో చదివితే బరువుగా కనబడే వాక్యం గొంతుతో చదివితే మనిషి మాటగా వినబడుతుంది. మాట్లాడేది ఎవరో, ఏ క్షణాన మాట్లాడుతున్నాడో ముందు తేల్చుకోవాలి. మూల కథలు తెలియకపోతే సిగ్గుపడకుండా చెప్పుకోవాలి. చివరి పేజీలో తీర్పు కోసం వెతకడం మానాలి. ఇన్ని చేసిన తరువాత అతనితో పోట్లాడాలి. చదవకముందు పోట్లాడడం మాత్రం అన్యాయం.

ఈ ఏడు పరీక్షల ముందు, మొదట నన్ను ప్రశ్న అడిగిన కుర్రవాడు మళ్ళీ వచ్చాడు. "పరీక్షల ఏం రాయాలె సార్? నిరాశావాది అని రాస్తే మార్కులు పడ్తయి. మనం మాట్లాడుకొన్నది రాస్తే పడ్తయో పడవో." ఇది చిన్న ప్రశ్న కాదు. వాడి తండ్రి పంపే డబ్బుకూ, ఆ మార్కులకూ సంబంధం ఉంది. ధైర్యంగా వ్రాయి అని చెప్పడం నాకు సులభం. నష్టపోయేది నేను కాదు. కాబట్టి ఉన్నది ఉన్నట్లు చెప్పాను. "నిరాశావాది అని విమర్శకులంటారని మొదటి వాక్యం వ్రాయి. తరువాత నువ్వు చదివినది వ్రాయి. దిద్దేవాడు చదివినవాడైతే మార్కులు వేస్తాడు. కాకపోతే పోతాయి. అది నువ్వే తేల్చుకోవాలి." వాడు కాసేపు నిలబడి, "హామ్లెట్టు పని పెట్టిండ్రు సార్" అని వెళ్ళిపోయాడు. ఏం వ్రాశాడో నేను అడగలేదు. నా పాత నోట్సులోని నాలుగు పంక్తులను మాత్రం కొట్టివేశాను. వచ్చే ఏడు క్లాసులోకి నోట్సు కాదు, పుస్తకం తీసుకొని వెళతాను. దిద్దే కాగితాలలో ఎవరైనా బైరాగిని నిజంగా చదివి నాతో విభేదిస్తే, మార్కులు తగ్గించనని కూడా ఇక్కడ వ్రాసి పెడుతున్నాను. తోటి అధ్యాపకులు కూడా ఈ చివరి మాటను తమ మాటగా చేసుకొంటే మా కుర్రవాని ప్రశ్నకు కొంతైనా జవాబు దొరుకుతుంది.